కళ్ల మీద మూడు పొరలు

బెలేం నగరపు రేవు పక్కన పశువుల డాక్టరు గది. ఒక నడివయసు ఆవిడ గోనెసంచి విప్పి, ఇంట్లో ఎలుకలు పట్టడానికి పెంచుకుంటున్న కొండచిలువను బల్ల మీదికి వదిలింది.

"మేత ముట్టి నెల్లాళ్లయింది డాక్టరుగారూ. కళ్లు తెల్లబడిపోయాయి. గుడ్డిదైపోయిందా?"

"లేదమ్మా. కుబుసం విడిచినప్పుడు కళ్ల మీది పొర ఊడలేదు. అలా ఆర్నెల్లలో మూడు పొరలు పేరుకున్నాయి. గడ్డం కింద చూడు."

"మిరియాల పొడి చల్లినట్టుందే!"

"రక్తం తాగే పురుగులవి. పొట్ట మీద పొలుసులు కుళ్లాయి కూడా. ఆర్నెల్లుగా దీని మొహం చూసినవాళ్లే లేరా?"

"అంత మాటనకండి. దీనికి జురేమా అని పేరు కూడా పెట్టుకున్నాడు మా నాన్న, ఇదంటే ప్రాణం. నన్ను దగ్గరికే రానివ్వడు. ఇవాళ ఆయన పనికెళ్లాక దొంగతనంగా తెచ్చాను. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఒళ్లో వేసుకుని చూస్తాడు. నిన్న కూడా 'అద్దంలా మెరుస్తోందే' అన్నాడు."

"నిన్న? ఇలా ఉన్నదాన్ని?"

"నిన్ననే."

"పోనీ తడిమినా తెలిసేదే, ఒళ్లంతా గరుకు."

"తాళ్లు లాగీ లాగీ ఆయన వేళ్లు మొద్దుబారిపోయాయండీ."

డాక్టరు పాము మీద తడిగుడ్డ కప్పాడు.

"చూపు పోయింది పాముకి కాదమ్మా."

ఆవిడ తడిగుడ్డ అంచు సర్దింది.

"ఏం పని చేస్తాడు మీ నాన్న?"

బయట రేవులో పడవ కూత వేసింది.

"అదేనండీ, ఆయన నడిపే పడవ. నలభై మంది ఎక్కుతారు."