మూడో ఉరవడికి అవతల

ఏరు రాళ్ల మీంచి ఉరికే ఆ మూడో ఉరవడి దగ్గరే అన్నావు కదయ్యా! రాళ్లకి కొట్టుకుని పడవ తిరగబడింది, నీ వేట జోడు బోనిఫాస్‌ని నీళ్లు లాక్కుపోయాయి, చెయ్యి చాపితే అందలేదు అన్నావు. ఫాదర్‌కీ అదే చెప్పావు, పోలీసులకీ అదే. ముప్పై ఏళ్లలో ఒక్క ముక్క మారలేదు. నిజం చెప్పేవాడికి ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది, మోదెస్త్. నీకు ఒక్కసారీ రాలేదు.

ఇదిగో, పోయినవాళ్లకి మనం పెట్టే పొగాకు తెచ్చాను. నీ గోరీ మీద పెడుతున్నా, తీసుకో. కానీ విను.

కోరిన్ అడిగింది. బోనిఫాస్ చెల్లెలు అడిగితే కాదనగలనా? "ఫిలొమెన్ వదినా, మా అన్న పోయిన చోట నీళ్లలో గుప్పెడు పొగాకు వేసి రావాలి. నా మోకాళ్లు పూర్తిగా పోకముందే పోదాం" అంది. ఇద్దరు ముసలమ్మలం, ఒక తెడ్డు పడవ! నీళ్ల మీద వాలే చిన్న విమానం మమ్మల్ని ఏటి తల దగ్గర దింపేసి పోయింది. అక్కణ్నుంచి సముద్రం దాకా ఇరవై రెండు రోజులు. చెట్లు పొట్టివైపోయి, పొట్టివైపోయి, చివరికి లేకుండానే పోయాయి. ఉత్తరాన వేసవి కదా, సూర్యుడు దిగడు. కన్ను మూద్దామంటే వెలుగు.

మూడో ఉరవడి దగ్గర కోరిన్ పొగాకు వేసింది. "అన్నా, చలేస్తోందా అన్నా?" అని చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను!

రెండు మలుపులు దిగాక టీకి ఆగాం. మోకాళ్లు కదా, తను పడవ దగ్గరే కూర్చుంది. నేను పుల్లలకని గట్టెక్కాను. గట్టు వెనక పొదల్లో ఒక గుడిసె.

చిన్నది. ఏటికి కొట్టుకొచ్చిన దుంగలు, పైన మట్టిగడ్డలు. వంగి లోపలికి చూశాను. ఏం చూశానో తెలుసా? తెలియకేం!

విరిగిన తెడ్డు, దానికి గుడ్డ పేలికలు. విరిగిన కాలికి కట్టుకున్న కట్టు అది. దాని పక్కన చేతితొడుగులు. నీకోసం నేను కుట్టినవి, నీలం పూసల పువ్వువి, ఏట్లో పోయాయన్నావే, అవి! అరచేతుల దగ్గర చిరిగితే మాసిక వేసి ఉంది. మగాడి కుట్టు, వంకరటింకర. ఆ మాసికా అరిగిపోతే దాని మీద ఇంకోటి.

బోనిఫాస్ ఎన్నాళ్లు బతికాడయ్యా? మాసిక మీద మాసిక అరిగేదాకా అంటే ఎన్నాళ్లు?

ఎముకల్లేవు. పడక మీద కరిబూ దుప్పి తోలు శుభ్రంగా మడత పెట్టి ఉంది. ఎక్కడికో బయల్దేరాడు. ఆ కాలితో!

నడవలేనివాణ్ని వదిలి వచ్చానని చెప్పడానికి సిగ్గేసిందా? నోరు జారిన అబద్ధాన్ని మళ్లీ మింగలేకపోయావా?

నేనేం చేశానో అడగవేం? గుడిసెకి నిప్పంటించాను. ఎండిన దుంగలు, భగ్గుమన్నాయి. కింద నుంచి కోరిన్ అరిచింది: "వదినా! ఆ పొగేంటి?"

"దోమలే! దోమలకి పొగ పెట్టాను!" అన్నాను.

అంతటితో పోయిందా? మర్నాటి నుంచి పడవ బరువెక్కింది. తెడ్డు వేస్తుంటే మా ఇద్దరి మధ్యా ఎవరో కూర్చున్నట్టే. "రొట్టెలన్నీ నువ్వే మింగావా ఏంటి వదినా, పడవ ములిగిపోతోంది!" అని కోరిన్ నవ్వింది. బరువు తనకీ తెలిసింది. మనిషి ఎవరో తెలియలేదు.

ఏంటీ, నీ పరువు కోసం తగలబెట్టాననుకున్నావా? పిచ్చోడా.

ఆ ఏడు ఏటి మీద మంచు గట్టిపడగానే నువ్వు కుక్కల బండి కట్టావు. శవాన్ని వెతికొస్తానన్నావు. నేను వచ్చి బండిలోకి చూశాను. ఇద్దరికి సరిపడా ఎండుమాంసం. రెండు దుప్పట్లు. శవానికి ఎండుమాంసం ఎందుకు?

అడగలేదు. అడిగితే చెప్పేవాడివి, చెబితే పంపాల్సొచ్చేది. నాకు ఎనిమిదో నెల. దారిలో మంచు విరిగి నువ్వు పోతే? నీ చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుని, "వెళ్లావంటే దీని మీద ఒట్టు" అన్నాను. నువ్వు నా మొహంలోకి చూశావు. నాకు తెలుసని నీకు తెలిసిపోయింది. వెళ్లి కుక్కల్ని విప్పేశావు.

సరేలే. కోరిన్ టీకి రమ్మంది. "నువ్వు తోడొచ్చావు కాబట్టే మా అన్నకి శాంతి దొరికింది వదినా" అంటుంది, రోజూ అదే మాట. వెళ్తాను. ఏం చెయ్యమంటావు? టీ బాగా పెడుతుంది.