బూట్లలో ఐసు

మధ్యాహ్నం భోజనం ముగించి డ్యూటీకి బయల్దేరుతూ ట్రాఫిక్ పోలీసు బూటులో కాలు పెట్టాడు. చెరువులో పెట్టినట్టయింది. గుమ్మంలో ఐదేళ్ళ కూతురు కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

“ఇందులో నీళ్ళెవరు పోశారే?”

“నీళ్ళు కాదు నాన్నా, ఐసు. ఫ్రిజ్‌లోదంతా పెట్టేశా.”

“బూట్లలోనా? ఎందుకమ్మా?”

“రోడ్డు మీద అరికాళ్ళు మాడిపోతున్నాయని నిన్న అమ్మతో అన్నావుగా!”

కోపం తెచ్చుకోబోయాడు. రాలేదు.

“ఉన్నది ఒక్క జతే కదే తల్లీ! ఇవాళ పెద్దసారొచ్చి అందరి బూట్లూ చూస్తారు. ఇప్పుడు నేనేం చెయ్యను?”

అతను తడి బూట్లకే లేసులు కట్టుకుని లేచాడు. అడుగేస్తే బుచుక్కుమంది.

“చల్లగా ఉందా నాన్నా?”

“ఉందమ్మా.”

“అయితే పెద్దసారు అడిగితే బూట్లు ఇచ్చెయ్యకు, ఏం!”