సింకు తూమును అనుమానించిన లియాఖత్ అలీ గారు

2015 జూలై 6వ తేదీ ఉదయం జనాబ్ లియాఖత్ అలీ గారు మన దవాఖాన ప్రయోగశాలలో సీనియర్ టెక్నీషియనుగా బాధ్యతలు స్వీకరించి, కుర్చీలో ఆసీనులు కావడానికి ముందే ఫ్రిజ్ తెరిచి, అందులోని ఉష్ణమాపకం నిజం చెబుతున్నదా లేదా అని మరొక ఉష్ణమాపకంతో పరీక్షించారు. అంతకుముందు రామన్నపేటలో కఫం పరీక్షలు చేసిన కాలం నుంచే వారికి ఈ అలవాటున్నదట.

తొలి ఏళ్లలో వారి అనుమానానికి గురికానివారు లేరు. సీసాపై పేరు స్పష్టంగా ఉన్నా రోగిని పిలిచి అడిగేవారు. తమ ఫలితాన్ని తామే నమ్మక రెండోసారి పరీక్షించేవారు. శిశువుల వార్డు హెడ్ నర్సు సుహాసినికి ఇదంతా ఒళ్లుమండే వ్యవహారం. ఆయన గుమ్మంలో కనబడితే చాలు, ఎవరి తప్పు పట్టడానికి వచ్చారో అని ఆమెకూ అనుమానమే.

2019 ఆగస్టులో ఆ వార్డులో ఒక పసికందు రక్తానికి క్రిములు సోకి మరణించింది. అది జరిగిన నాలుగో రోజున, మక్తల్ నుంచి వచ్చిన నిరోష అనే తల్లి బిడ్డకు జ్వరం. ఇద్దరి రక్తంలోనూ పెరిగినవి వేర్వేరు జాతుల బ్యాక్టీరియా కనుక సంబంధం లేదని అందరూ తేల్చేశారు. లియాఖత్ అలీ గారు మాత్రం రెండు ఫలితాలూ పట్టుకొని వార్డుకు వచ్చారు.

“జాతులు వేరే సిస్టర్, గని రెండూ గవే ఏడు మందులకు లొంగుతలెవ్వు. గివి జన్యువులకు నకలు తీసి పక్కదానికి ఇస్తయి. మందును ఓడగొట్టే గుణమే గాదు, రోగం ముదరవెట్టే గుణం గూడ. యాడనో కలుసుకుంటున్నయ్.”

ఆయన చూపు సింకు మీద నిలిచింది.

“మనుషులైపోయిండ్రు, ఇగ మా నల్లా మీద పడ్డరా సార్?” అన్నది సుహాసిని.

“మిగిలిన సూదిమందు యాడ పారబోస్తుండ్రు?”

సుహాసిని సింకు వైపే వేలు చూపింది. సీసాలో మిగిలిన మందును ఆ సింకులోనే పోయాలని ఏళ్ల తరబడి అందరికీ నేర్పింది ఆమే. తల్లులు ఉగ్గుగిన్నెలు కడిగేదీ అక్కడే. తూములో రోజూ కాస్త మందు రుచి చూసి తట్టుకోగలిగిన క్రిములు, ఆ గుణాన్ని పక్కవాటికి పంచి, చిందిన నీటితో గిన్నెల్లోకి చేరుతున్నాయి.

లియాఖత్ అలీ గారు నల్లా పిడి ఊడదీసి జేబులో వేసుకున్నారు. తూము నమూనాను హైదరాబాదుకు పంపితే ఆ రెండు జాతులూ, రెండింటిలో ఒకటే జన్యువూ బయటపడ్డాయి. ఈలోగా వారు వెతికిపెట్టిన ఎనిమిదో మందుతో నిరోష బిడ్డ బతికింది. తూముకు సిమెంటు పడింది.

నివేదికలో కారణం దగ్గర తూము అని ఉన్నది గాని, మందు పోయించినవారి పేరు లేదు.

“నా పేరు రాయలేదేంది సార్?” అని సుహాసిని ఏడుస్తూ అడిగింది.

“నువ్వు మళ్ల పోయనియ్యవు. గా ఒక్క ముచ్చటల నాకు అనుమానం లేదమ్మా.”

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న వారు నిన్న కూడా వచ్చి ఆ సిమెంటును వేలితో తట్టి చూశారు. శ్రీమతి గులాబ్‌బీ గారి తోడుతో, ఏ మందుతోనూ పనిపడని ఆరోగ్యంతో వారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని కోరుకుంటూ, ఆ నివేదికలో వారు రాయని పేరును ఈ వ్యాసం కింద తానే రాసుకుంటున్నది,

సుహాసిని, హెడ్ నర్సు, శిశువుల వార్డు.