జాబితాకెక్కని పిల్ల

ఆసుపత్రి రికార్డుల గదిలో, కంప్యూటర్ ముందున్న అధికారి ఎదుట ఒక అమ్మమ్మ నిటారుగా కూర్చుని ఉంది.

“ఇంటికి నర్సును పంపే పిల్లల జాబితాలో మా మనవరాలు ఎందుకు లేదు బాబూ?”

“ఏడాదిలో నాలుగుసార్లు అడ్మిట్ అయినవాళ్లనే కంప్యూటర్ ఏరుతుందమ్మా. మీ పాప ఒక్కసారి కూడా రాలేదు.”

“దానికి రోజూ మూర్ఛ వస్తుంది. పాలు కూడా గొట్టంతోనే పోయాలి. మా అమ్మాయి కంటిమీద కునుకు లేకుండా ఇంట్లోనే కాపాడుకొస్తోంది.”

“అదేదీ రికార్డులో లేదు కదమ్మా, నేనేం చెయ్యను?”

“అయితే బాగా చూసుకోవడమే మా తప్పన్నమాట. సరే, దిద్దుకుంటాం. ఇకమీదట మూర్ఛ వచ్చిన ప్రతిసారీ ఇక్కడికే తెస్తాం.”

“రోజూనా? ఉన్నవే పన్నెండు మంచాలమ్మా!”

“మేమొక్కళ్లమే అనుకున్నావా నాయనా? నీ జాబితా ఇలాగే వదిలేసిన ముప్పై ఒక్కమంది పిల్లల్ని ఎత్తుకుని వాళ్ల తల్లులు కింద నిలబడ్డారు. ఇక నీ కంప్యూటర్‌కి చేతినిండా పని.”