విప్పే ముందు ఒకసారి వినాలి

మధ్యాహ్నం, బయట వాన. కార్లు బాగుచేసే షెడ్డులో అన్నదమ్ములిద్దరే ఉన్నారు. షెడ్డు అన్నయ్యది, కారు తమ్ముడిది.

"తీసెయ్ అంటే తీసెయ్యాలి గానీ, బోనెక్కించి అడిగినట్టు ఎందుకు, ఏమిటి అంటావేంటి అన్నయ్యా?"

"అడగనూ? ఇంజన్‌కి గాలి లాగే ఈ పైపు పెట్టమని నా ప్రాణం తోడేసిందెవరు? కంపెనీ ఫిల్టరు డబ్బాతో బండికి ఊపిరాడట్లేదన్నావు. ముక్కు మూసుకుని పరిగెత్తినట్టుందన్నావు. బయట దొరికే పైపులు అందరికీ ఉన్నాయి, నాకు నువ్వే చేసిపెట్టు అన్నావు. కూర్చుని చేసిపెట్టాను. ఇప్పుడొచ్చి పీకెయ్ అంటే ఎందుకని అడక్కూడదా?"

"మనసు మారింది."

"నీకా? చిరిగిపోయిన చొక్కా పారేస్తానంటే వారం రోజులు అన్నం మానేసినవాడివి. నీకు మనసు మారిందా?"

"మైలేజీ రావట్లేదు."

"మొన్నటిదాకా బ్రహ్మాండంగా వస్తోందన్నావుగా."

"తగ్గింది. పైగా వానలు. ఫిల్టరేమో కింద, బంపర్ వెనక వేలాడుతోంది. నీళ్ళలో దిగితే ఇంజన్ నీళ్ళు తాగేసి చస్తుందని నువ్వే కదా అన్నావు."

"అన్నాను. కంపెనీ వాడు గాలి పైనించి లాగేది అందుకేరా అని మొత్తుకున్నాను. 'నేనేమైనా చెరువులో నడుపుతానా' అని నవ్వావు. సరే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది. ఇంకా?"

"ఇంకా ఏంటి?"

"ఒక్క కారణం సరిపోయేచోట రెండు చెప్పావు. మూడోది ఉండే ఉంటుంది."

"చప్పుడు. చప్పుడెక్కువగా ఉంది. సరేనా?"

"చప్పుడు కోసమే కదరా పెట్టించుకుంది! బయటి పైపు వేస్తే వేగం పెరిగేది గోరంత, చప్పుడు పెరిగేది కొండంత అని అప్పుడే చెప్పాను. కంపెనీ డబ్బా అయితే నోరు మూసుకుని పనిచేస్తుంది, దుమ్ము ఆపుతుంది, ఎవడికీ వినపడదు. 'వినపడకపోతే ఎందుకన్నయ్యా' అన్నావు. నీ నోటితోనే అన్నావు."

"అప్పుడు బాగుండేది. ఇప్పుడు తలనొప్పి వస్తోంది. అంతే."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"సామెతలు తర్వాత. పాత డబ్బా ఉందా, పారేశావా?"

"అటక మీద ఉంది, గుడ్డలో చుట్టి. కంపెనీ సామాను నేను పారెయ్యను. ఎంత మోజుపడి పైపు పెట్టించుకున్నా, ఏదో ఒకనాడు డబ్బా కోసం తిరిగొస్తారు జనం. ఎక్కువమంది బండి అమ్ముకునేటప్పుడొస్తారు. అమ్ముతున్నావా?"

"లేదు. అంటే... చూస్తున్నా. అమ్మినా అమ్ముతానేమో."

"నాలుగోది."

"లెక్కపెడుతున్నావా నువ్వు?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేంట్రా? ఊరికే అన్నాను. బానెట్ లేపు. ...ఆగాగు. ఈ బంపర్ కొత్తదా?"

"ఏ బంపర్?"

"బండికి ముందువైపు ఎన్ని బంపర్లుంటాయి?"

"ఓ, అదా. పార్కింగులో ఎవడో వెనక్కి తీస్తూ తగిలించాడు. పగిలింది. మార్పించా."

"ఎక్కడ?"

"అటు, బైపాస్ దగ్గర."

"అన్న షెడ్డు ఇక్కడుండగా బైపాస్ దాకా పోయావా?"

"షెడ్డు మూసేసి ఉంది కదా అన్నయ్యా. నువ్వు ఆసుపత్రిలో, వదిన మంచం పక్కన ఉన్నావు. ఆ బాధలో నిన్ను బంపర్ కోసం పిలవమంటావా?"

"అవును. అప్పుడు షెడ్డు మూసే ఉంది. ...రంగు బాగానే కలిపాడు. దగ్గరికొస్తేనే తెలుస్తోంది."

"వాన జల్లు లోపలికి కొడుతోంది. పని మొదలెట్టకూడదూ?"

"మొదలెడతాను. తొందరేముంది, ఇవాళ వేరే బండి లేదు. పొద్దున్న పళ్ళు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళావట?"

"వెళ్ళా. నిద్రపోతోంది. బల్ల మీద పెట్టి వచ్చేశా."

"నువ్వెళ్ళినప్పుడల్లా నిద్రపోతూనే ఉంటుంది పాపం."

"లేపడమెందుకని వచ్చేస్తుంటా. ...ఏమైనా గుర్తొచ్చిందా తనకి?"

"కాలెలా ఉందని అడుగుతావనుకున్నాను."

"అదే అడుగుతున్నా. కాలు, గుర్తు, అన్నీ. డాక్టరేమన్నాడు?"

"కాలు ఉంటుంది గానీ బరువు మొయ్యదట. ఇక కర్ర పట్టుకునే నడవాలి, ఎప్పటికీ. వానలో అంతసేపు పడి ఉండకపోతే, వెంటనే తెచ్చి ఉంటే, ఇంత కాకపోవునన్నాడు. గుద్దినవాడు బండిలో వేసుకొచ్చి ఆసుపత్రి గేటు ముందు దింపేసి పారిపోయినా సరిపోయేదట. వింటున్నావా?"

"వింటున్నా."

"గుద్దినందుకు కాదురా నా కోపం. వాన, మసక వెలుతురు, ఆ దిక్కుమాలిన మలుపు. ఎవడికైనా జరుగుతుంది. రేపు నాకే జరగొచ్చు. మనిషిని కాలవ పక్కన వదిలేసి పోయాడు చూడు, వాడు కావాలి నాకు."

"దొరికితే ఏం చేస్తావు?"

"తెలీదు. రోజూ రాత్రి వాణ్ణి చంపుతాను మనసులో. తీరా దొరికితే ముందు ఏడుస్తానేమో."

"పోలీసులేమన్నారు?"

"నంబరు లేదు, చూసినవాళ్ళు లేరు, దేన్ని పట్టుకోమంటారన్నారు. మీ వదినా చూళ్ళేదు. వెనకనించి వచ్చింది బండి."

"అయితే ఏమీ చూళ్ళేదన్నమాట."

"చూళ్ళేదు."

"పోన్లే."

"పోన్లేనా?"

"అంటే... గుర్తుంటే తలుచుకుని రోజూ భయపడేది కదా. అందుకని పోన్లే అన్నా. ప్రతి మాటకీ ఈకలు పీకుతావేంటి ఇవాళ?"

"నిద్ర లేదురా. నోరు నా వశంలో లేదు. ...నీకు గుర్తుందా, అమ్మ పోయినప్పుడు నువ్వెంతున్నావో? మీ వదిన కాపురానికొచ్చిన కొత్త. నిన్ను చంకనేసుకుని వంట చేసేది. ఎవరైనా 'నీ కొడుకా' అంటే అవునని చెప్పేది."

"ఇప్పుడెందుకవన్నీ?"

"ఊరికే గుర్తొచ్చింది. ఉండు, మందులేసుకుందో లేదో ఫోన్ చేసి అడుగుతాను. ...ఆఁ, నేనే. వేసుకున్నావా? ...అన్నం? ...ఆఁ, వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు. ...నువ్వన్న పనే, మొదలెట్టబోతున్నా. ...కంగారుపడకు, నేనున్నాగా. ...ఒరే, మాట్లాడతావా? ఇదిగో."

"వద్దు వద్దు. పడుకోనీ."

"రెండు ముక్కలు. ఆసుపత్రిలోనూ మాట్లాడింది లేదుగా."

"తర్వాతన్నయ్యా. చేతులు తడిగా ఉన్నాయి."

"సరే. ఫోను ఇలా బెంచీ మీద పెడుతున్నాను, చూసుకో, నూనె డబ్బా తన్నకు."

"ఏదో పని అంటున్నావు. ఏంటది?"

"ఇంట్లో గోడ పొడుగునా గొట్టం బిగించమంది. పట్టుకుని నడవడానికి."

"నేనొచ్చి బిగిస్తాలే."

"నువ్వే బిగించాలి. ...సరే, స్టార్ట్ చెయ్."

"దేనికి? విప్పేదానికి స్టార్ట్ చెయ్యడమెందుకు?"

"ఈ షెడ్డు పద్ధతి మర్చిపోయావా? విప్పే ముందు ఒకసారి వినాలి, బిగించాక ఒకసారి వినాలి. నాకు పని నేర్పిన మేస్త్రీ పెట్టిన నియమం. వినకుండా స్పానర్ పట్టుకుంటే వీపు చిట్లగొట్టేవాడు."

"ఎవడిదో బండయితే వినాలి. నీ చేత్తో చేసిన పైపు చప్పుడు నీకు తెలీదా?"

"తెలీకేం? లోపల అతుకు దగ్గర చిన్న గట్టు మిగిలిపోయింది. గట్టిగా గాలి లాగితే దానికి తగిలి ఈల వేస్తుంది. అరగదీస్తానంటే, 'ఉంచు అన్నయ్యా, ఈ ఈల ఇంకెవడి బండికీ ఉండదు' అన్నావు. నిజమే, ఉండదు. షోరూముల్లో దొరికే పైపులు వంద అరుస్తాయి గానీ ఇలా ఒక్కటీ ఈల వెయ్యదు. వీధి చివర అది వినపడగానే 'మరిది వస్తున్నాడు' అనేది మీ వదిన."

"ఆ ఈలే వద్దంటున్నా. తీసెయ్ అంతే."

"తీసేస్తానన్నానుగా. స్టార్ట్ చెయ్."

"బ్యాటరీ బాలేదు అన్నయ్యా."

"మరి ఇక్కడికి తోసుకుంటూ వచ్చావా? ఎక్కు."

"షట్టర్ అయినా దించు. చుట్టుపక్కల వాళ్ళకెందుకు?"

"మొత్తం దించితే పొగకి ఇద్దరం పోతాం. సగం దించుతాను. ఇదిగో, దించాను. నీ భయమేంట్రా, ఈ వానలో ఎవడు వింటాడు?"

"భయమేముంది నాకు?"

"అయితే తిప్పు తాళం. ...ఆఁ. కొంచెం తొక్కు."

"చాలా?"

"ఈల రాలేదు. ఇంకా."

"అన్నయ్యా, ఇక చాలు."

"తొక్కరా!"

"..."

"ఆఁ, వచ్చింది. వదిలెయ్. మళ్ళీ ఒకసారి. మెల్లగా మొదలుపెట్టి ఒక్కసారిగా తొక్కు, మలుపు తిరిగాక పారిపోయేవాడు తొక్కినట్టు."

"ఏంటా మాట?"

"తొక్కు."

"..."

"చాలు. ఆపు."

"ఆపేశా. విన్నావుగా? తృప్తిగా ఉందా? ఇక విప్పు."

"విన్నాను. నేనొక్కణ్ణే కాదు."

"ఇంకెవరున్నారిక్కడ?"

"ఏమోయ్. విన్నావా?"

"విన్నానండీ."

"ఎవరది? అన్నయ్యా, ఆ ఫోను... ఫోను ఆపలేదా నువ్వు?"

"ఆపలేదు. స్పీకర్ కూడా పెట్టాను."

"ఇదేనండీ. నేను చెబితే మీరు కాదన్నారు. వానలో ఏదో విని ఉంటావన్నారు, నా తమ్ముడి మీద నింద వేస్తావా అని నా మీద అరిచారు. ఇదే. నాకు తగిలాక, మలుపు దాటి పోతూ ఈల వేసింది ఇదే."

"అరిచాను. తప్పయిపోయింది. ఒరే, దిగు కిందికి. నా మొహం చూసి చెప్పు."

"అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా. కావాలని చెయ్యలేదు. ఏమీ కనపడలేదు. ఏదో తగిలింది, కుక్కేమో అనుకున్నా, భయమేసి ఆపలేదు. మర్నాడు నువ్వు ఫోన్ చేసి ఏడుస్తుంటే అప్పుడు తెలిసింది. అప్పుడెలా చెప్పను? చెప్పు, నోరెలా వస్తుంది?"

"నిజంగా ఆపలేదా?"

"ఆపలేదు, నీ మీద ఒట్టు. ఆపి చూసుంటే భుజాన వేసుకుని పరిగెత్తేవాణ్ణి కాదా? నన్ను పెంచిన మనిషి కదా అన్నయ్యా. తెలిసి తెలిసి వదిలేస్తానా?"

"విన్నావుటే? వాడికి నువ్వని తెలీదట. మూర్ఖుడు, పిరికివాడు, పోలీసుల దగ్గరికి నేనే తీసుకెళ్తాను, శిక్ష పడనీ. కానీ నువ్వని తెలీదు వాడికి. అంతవరకు నమ్ముతాను. నమ్మకపోతే నేను బతకలేను. నువ్వూ నమ్మవే."

"వదినా! వదినా, నువ్వయినా చెప్పు అన్నయ్యకి. నువ్వంటే నాకు ప్రాణం కదా వదినా."

"పలకవేం? లైన్లో ఉన్నావా?"

"ఉన్నానండీ. నమ్మేదాన్నే. ఆ రోజు కళ్ళు తెరవలేకపోయాను గానీ, మొహం దగ్గరే ఒక గొంతు కూడా విన్నాను. మీకు చెప్పలేదు, నొప్పిలో వచ్చిన కలేమో అనుకున్నాను. అందుకే పిల్లవాడు ఆసుపత్రికొస్తే కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని, ఒక్కసారి పిలిస్తే విందామని. పిలిచేవాడు కాదు. ఇప్పుడు పిలిచాడు. బండి ఆపి, దిగి, నా మొహం మీదికి వంగి, ఇదిగో ఇలాగే 'వదినా, వదినా' అని రెండుసార్లు పిలిచి, వెళ్ళిపోయాడండీ."