గాయం మీది రొట్టె

నా పేరు హెడ్విగ్ టెన్‌హోల్ట్. వయసు యాభై. పెళ్లి కాలేదు. యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రిలో నర్సుని. ఇప్పుడు మా చర్చి వృద్ధాశ్రమంలో రోగులను చూసుకుంటున్నాను. నిన్న న్యాయమూర్తి గారి ముందు నా సాక్ష్యం నోటితో చెప్పబోయాను గానీ నా గొంతు టైపిస్టుకు వినిపించలేదు. ఇంటి దగ్గర రాసి తెమ్మని ఆయన దయతో అనుమతించారు.

ఇరవై ఏళ్లు ఊరుకుని ఇప్పుడు కలం పట్టడానికి కారణం అగాథా నీన్‌కాంప్. కిందటి నెల నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మా ఊరి చర్చి దగ్గర రాయి మీద యుద్ధంలో పోయినవాళ్లందరి పేర్లూ చెక్కారు సిస్టర్, మా ఆయనది తప్ప. ఇంటికి రావాలని తన చెయ్యి తనే కాల్చుకున్న పిరికివాడట. మీరు చూశారు కదా, కాల్చుకున్నాడా?" అని అడిగింది.

కాల్చుకోలేదు.

1945 ఫిబ్రవరి. జర్మనీ తూర్పు అంచున, పోమెరేనియాలో రైలు స్టేషన్ పక్కనున్న బడిలో మా ఆసుపత్రి. రష్యన్ ఫిరంగుల మోత ఆగేది కాదు. ఒక ఉదయం బెర్నార్డ్ నీన్‌కాంప్‌ను బండిలో తెచ్చారు. తూటా ఎడమ అరచేతిలోంచి దూసుకుపోయింది. కట్టిన చేతిరుమాలు విప్పితే గాయం మీద రొట్టె ముద్ద ఉంది.

తమను తామే కాల్చుకునేవాళ్లు చర్మం మీద మందుగుండు మసి పడకుండా తుపాకీకీ చేతికీ మధ్య రొట్టె అడ్డం పెట్టుకునేవారు. అందుకే ఎడమచేతి గాయంలో రొట్టె కనిపిస్తే కడగకుండా కెప్టెన్‌కు చూపాలని ఆజ్ఞ. నేరం తేలితే కాల్చి చంపడమే.

బెర్నార్డ్‌కు అదేమీ తెలియదు. "తొందరగా కడగండి సిస్టర్, కంపు కొడుతోంది. మా ఊరి క్లెమెన్స్‌గాడు నమిలి పెట్టాడు. వాడి నోట్లో పళ్లకంటే పొగాకే ఎక్కువ" అని నవ్వాడు.

మా వైపు పల్లెల్లో రక్తం కట్టడానికి రొట్టె నమిలి, సాలెగూడు కలిపి గాయానికి అద్దుతారు. చిన్నప్పుడు మా అమ్మ నా మోకాలికీ పెట్టింది. నేను నీళ్ల గిన్నె అందుకున్నాను. అప్పటికే అక్కడ కాపలా ఉన్న కార్పొరల్ నా భుజం మీదుగా చూసేశాడు.

"మేం తినడానికి లేక చస్తుంటే దొరగారు చేతికి తినిపించారే!" అని కెప్టెన్ గదికి వెళ్లాడు.

నేను డాక్టర్ ల్యూడ్కే గారితో చెప్పాను. ముద్ద నమిలినట్టు మెత్తగా ఉంది, గాయం పైన ఉందే గానీ లోపల లేదు, అందులో సాలెగూడు ఉంది అని చెప్పాను. ఆయన తలుపు మూశారు.

"నాకూ తెలుసు సిస్టర్. మా అమ్మమ్మా ఇదే చేసేది. కెప్టెన్‌తో అమ్మమ్మ కబుర్లు చెబితే నన్నూ అతని పక్కన నిలబెడతాడు. నమిలినవాణ్ణి తీసుకురండి. సాక్షి ఉంటే నేనూ నోరు విప్పుతాను."

క్లెమెన్స్ వోస్ కాలికి దెబ్బతగిలి అదే బండిలో వచ్చాడు. అతన్ని అప్పుడే ఆసుపత్రి రైలెక్కించారు. అదే ఆఖరి రైలని అందరూ అంటున్నారు. కోటు లేకుండా పరుగెత్తాను. గడ్డి పరిచిన పెట్టెలో, ఉడికించిన బంగాళదుంప చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"క్లెమెన్స్, మీరు దిగాలి. బెర్నార్డ్‌ను కాల్చేస్తారు. రొట్టె నేనే పెట్టానని మీరు చెబితే చాలు."

అతను నోరు తుడుచుకున్నాడు. "దిగితే మళ్లీ ఎక్కనిస్తారా సిస్టర్?"

"తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు.

మళ్లీ నోరు తుడుచుకున్నాడు. చుట్టూ అందరూ వింటున్నారు. "నేను ఏ రొట్టే నమల్లేదు. మీరు నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నారు" అన్నాడు. బంగాళదుంప పిడికిట్లో నలిగి వేళ్ల సందుల్లోంచి బయటికి వచ్చింది.

గడ్డిలో మోకరించాను. దేవుడి పేరు చెప్పి బతిమాలాను. అతను గోడ వైపు తిరిగాడు. "తలుపెయ్యండి తల్లీ, చలికి చస్తున్నాం!" అని ఎవరో అరిచారు. రైలు కదులుతుంటే దూకాను.

తిరిగి వచ్చేసరికి విచారణ అయిపోయింది. డాక్టర్ గారు నా వెనక ఎవరూ లేరని చూసి తల దించుకున్నారు. అయినా కెప్టెన్‌తో నేను చెప్పాను. "నర్సుల జాలి వింటూ కూర్చుంటే రష్యావాడు బెర్లిన్ చేరతాడు. వెళ్లి పని చూసుకో" అన్నాడు.

బెర్నార్డ్‌ను బొగ్గుల గదిలో ఉంచారు. చెయ్యి కడిగి శుభ్రమైన పట్టీ కట్టాను. పట్టీ దండగ అని కార్పొరల్ అన్నాడు. కట్టాను.

"వాడు వస్తున్నాడా?" అని బెర్నార్డ్ అడిగాడు.

"నేను వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది" అన్నాను.

"పోనీలెండి. వాడైనా ఇల్లు చేరతాడు."

ఇద్దరం ప్రభువు ప్రార్థన చెప్పుకున్నాం. మాకు కీడు చేసినవారిని మేము క్షమించినట్టు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. అతనొక్కడే పూర్తిచేశాడు. చీకటి పడకముందే బడి గోడ దగ్గర కాల్చారు.

అగాథా వచ్చిన రోజు ఆమెను కారులో తెచ్చినది క్లెమెన్సే. కిటికీలోంచి చూసి గుర్తుపట్టాను. కాఫీకి పిలవమంటే ఆమె వెళ్లి పిలిచింది, రాలేదు. "మొహమాటం ఆయనకి. ఇన్నేళ్లూ మా పొలం ఆయనే దున్నుతున్నాడు. మా అమ్మాయి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డదీ ఆయనే. ఆయనే లేకపోతే మేమేమైపోయేవాళ్లమో" అంది అగాథా.

అయ్యా, గాయం గురించి నేను చెప్పినది బెర్నార్డ్ పేరు రాయి మీద చెక్కించడానికి వాడండి. నా ఒక్కదాని మాట చాలకపోతే క్లెమెన్స్‌ను పిలవవలసి వస్తుందని తెలుసు. చాలేలా చూడమని వేడుకుంటున్నాను. రైలు దగ్గర జరిగినది, అంతా చెబుతానని ప్రమాణం చేశాను కనుక రాశాను. ఆ కాగితాలు దాచి ఉంచండి. అగాథాకు చూపించకండి. ఆమెకు మిగిలిన మనిషి అతనే.

నేను కళ్లారా చూసినదీ, చెవులారా విన్నదీ తప్ప ఇందులో వేరే మాట కలపలేదు. దేవుడే ఎరుగు.

(సంతకం)
హెడ్విగ్ టెన్‌హోల్ట్