తప్పుల పుస్తకం, శనివారపు పంపు

1989 జూలై మూడవ తేదీన మన నీటి సరఫరా కేంద్రంలో బాధ్యతలు స్వీకరించిన తొలి మహిళా ఇంజనీరుకు నాటి పర్యవేక్షకులు చూపించిన స్థానం, కిటికీ పక్కనున్న ఫైళ్ల బల్ల. "గ్రీజు పని నీకెందుకమ్మా, హాయిగా ఇక్కడ కూర్చో" అన్నారాయన. ఆ ఇంజనీరుగారు కూర్చోలేదు. పానా చేతబట్టి పంపుల గదిలోకి నడిచారు, నాటి నుండి అందరికీ 'పానమ్మగారు' అయ్యారు.

రెండవ వారంలోనే మోటారు తీగలు మూడింటిలో రెండింటిని వారు తారుమారుగా కలపడంతో అది వెనక్కి తిరిగింది. "ఆడపిల్లకి అప్పగిస్తే ఇంతే" అని గదంతా నవ్వింది. అంతకు మునుపు ముగ్గురు మగవారు అదే పొరపాటు చేశారు, అప్పుడెవరూ "మగపిల్లాడికి అప్పగిస్తే ఇంతే" అనలేదు. ఆ అన్యాయానికి ఒళ్లు మండిన పానమ్మగారు ఒక నోటుపుస్తకం తెరిచి, మొదటి పుటలో తమ తప్పును తామే రాసి, సంతకం చేసి, గోడకు వేలాడదీశారు.

విభాగాధిపతిగా ఎదిగిన పిదప, మూలనపడిన పాత పంపునొకదాన్ని బయటికి తీయించి, ఒక ఖాళీ గదిలో పెట్టించి, ప్రతి శనివారం బడి ఆడపిల్లల చేత విప్పించి బిగింపజేయడం ఆరంభించారు. తప్పు చేసిన పిల్ల దాన్ని ఆ పుస్తకంలో రాయాలి, మరుసటి వారం సరిదిద్దాలి. ఒకసారి ఒక చిన్నారి రబ్బరు వాషరు మరచి పంపు నడపగా, తనిఖీకి విచ్చేసిన పెద్ద అధికారి తడిసి ముద్దయ్యారు.

"ఈ పిల్లాటలు ఇంక కట్టిపెట్టండి!" అని ఆయన మండిపడ్డారు.

పానమ్మగారు తువ్వాలు అందిస్తూ, "ముందు తల తుడుచుకోండి సార్. పాపా, పుస్తకం తే. సారు ఎక్కడ నిలబడ్డారో కూడా రాయి" అన్నారు.

గత నెలలో, వారి పదవీ విరమణతో ఆ పంపును తుక్కులో వేసి, గదిని సామాన్లకు కేటాయించాలని ఉత్తర్వు వచ్చింది. ముప్పయ్యైదేళ్లలో తొలిసారి వారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆరకముందే, తప్పుల పుస్తకానికి నకలు తీయించి, అందులో రాసి నేడు ఇంజనీర్లయిన పందొమ్మిది మంది సంతకాలతో పై అధికారులకు పంపారు. జవాబు ఇంకా రాలేదు.

ఆ గది తాళంచెవి ప్రస్తుతం ఇక్కడే సహాయ ఇంజనీరుగా పనిచేస్తున్న ఒకామె దగ్గరుంది. నాడు వాషరు మరచినది ఆమే, ఈ వ్యాసం రాసినదీ ఆమే.

పానమ్మగారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఆరు రోజులూ వారి కుటుంబానివే, శనివారం మాత్రం మాది. ఉత్తర్వు ఏం చెప్పినా, పది గంటలకు తలుపు తెరిచే ఉంటుంది.